ఏడో వార్డులో ఎవరూ పుట్టలేదు

మా ఊరి మున్సిపాలిటీ వెబ్‌సైటుకు ఒక మంచి గుణం ఉండేది. ఎవరేం చెప్పినా వినేది. మనుషులే మాట వినని రోజుల్లో యంత్రమైనా వింటోంది కదా అని అందరం సంతోషించాం. చివరికి ఆ గుణమే మా కొంప ముంచింది.

జనన ధ్రువపత్రం కోసం దరఖాస్తు పెట్టుకునే పేజీలో 'పేరు' అని ఒక గడి ఉంటుంది. అందులో పేరు రాస్తే యంత్రం లోపలికి వెళ్ళి, ఆ పేరుగల మనిషి వివరాలు వెతికి తెస్తుంది. ఒక మంగళవారం నాడు ఎవరో ఆ గడిలో పేరుకు బదులు, యంత్రానికి తెలిసిన భాషలో, ఏడో వార్డు జాబితా మొత్తం తుడిచెయ్యమని రాశారు. అది పేరా, ఆజ్ఞా అని యంత్రం ఆలోచించలేదు. చెప్పారు కదా అని తుడిచేసింది. ఎవరు రాశారో పోలీసులు కూడా కనిపెట్టలేకపోయారు. పేరు రాయాల్సిన చోట వాళ్ళు పేరు రాయలేదు మరి.

దాంతో ఏడో వార్డులో ఎవరూ పుట్టలేదని తేలింది.

మాది ఏడో వార్డే. నేనూ, స్కూలు బస్సు నడిపే మా ఆయన గోవిందరాజులూ వేరే ఊళ్ళలో పుట్టాం గనక మాకేమీ కాలేదు. మా అమ్మాయి చిత్రలేఖ మాత్రం పుట్టలేదు. పాలిటెక్నిక్‌లో కంప్యూటర్ డిప్లొమా పూర్తిచేసి, విశాఖపట్నంలో ఒక కంపెనీలో ఉద్యోగానికి ఎంపికై, నెలాఖరులోగా వచ్చి చేరమంటే బట్టలు సర్దుకుంటున్న పిల్ల. కంపెనీవాళ్ళు దాని జనన ధ్రువపత్రం మీద ఉన్న నంబరు కొట్టి చూస్తే, 'ఇట్టివారు లేరు' అని వచ్చిందట. ఆ సంగతి తేల్చుకుని, ఉన్నట్టు రుజువు తీసుకుని, అప్పుడు రమ్మన్నారు.

నేను ఎప్పుడూ చెడే ముందు ఊహిస్తానని మా ఆయన దెప్పుతుంటారు. ఊహించకపోతే ఎలా? గ్యాస్ కట్టేశానా లేదా అని వీధి చివరిదాకా వెళ్ళి వెనక్కి వచ్చేదాన్ని నేను. బస్సెక్కితే బోల్తా పడ్డట్టు, చేప తింటే ముల్లు గుచ్చుకున్నట్టు, ఫోను మోగితే ఎవరో పోయినట్టు ముందే అనుకుని సిద్ధంగా ఉంటాను. కానీ నేను కని పెంచిన పిల్ల అసలు పుట్టలేదని తేలుతుందని మాత్రం ఊహించలేకపోయాను. ఇన్నేళ్ళ నా అనుభవం ఏమైపోయిందో!

ఈ విషయం మీద కమిషనర్ పరాంకుశరావు గారు టౌన్‌హాల్లో పౌరులందరితో సభ పెట్టారు. చిత్ర రమ్మంటే నేనూ వెళ్ళాను.

"పౌర సోదరీ సోదరులారా! మన వెబ్‌సైటుపై జరిగిన దుశ్చర్యను ఈ కార్యాలయం తీవ్రముగా పరిగణించడమైనది. దీనికి మూలకారణమును లోతుగా అధ్యయనం చేయడమైనది. మూలకారణం పౌరులు. ఇంతవరకు మన వెబ్‌సైటుకు వాటిల్లిన అనర్థములన్నియు ఎవరో ఒకరు అందులో ఏదో ఒకటి రాయుట వలననే వాటిల్లినట్లు రికార్డులు ఘోషిస్తున్నవి. ఏమీ రాయని వారి వలన ఇంతవరకు ఏ నష్టమూ జరగలేదు. ఈ వ్యత్యాసమును మీరు గమనించాలి" అన్నారు కమిషనర్ గారు.

అందరూ గమనించారు. చిత్ర లేచి నిలబడింది.

"సార్, తప్పు రాసినవాళ్ళది ఒక్కటే కాదండి. గడి వెనకాల ఉన్న ప్రోగ్రాముది కూడానండి. పేరు గడిలో ఏం పడినా దాన్ని వట్టి పేరుగానే చూడమని యంత్రానికి ముందే చెప్పి ఉంచాలండి. అప్పుడు ఎవరైనా 'తుడిచెయ్యి' అని రాస్తే, తుడిచెయ్యి అనే పేరుగల మనిషెవరా అని వెతుక్కుని, లేరని చెప్పి ఊరుకుంటుంది. వయసు గడిలో అంకెలు తప్ప ఇంకేం తీసుకోవద్దని చెప్పాలి. ఒక్క పూట పనండి. పోయిన జాబితా కూడా మీ బీరువాలో పాత రిజిస్టర్లు ఉంటాయి కదండీ, వాటిని చూసి ఎక్కించుకోవచ్చు."

"అమ్మాయీ, నీది ఏ వార్డు?"

"ఏడో వార్డండి."

"అయితే రికార్డుల ప్రకారం నువ్వు లేవు. అయినప్పటికీ సభామర్యాదను పాటించి సమాధానమిస్తున్నాను. తమ్మిరాజూ, ఆ ఫొటో చూపించు."

సూపరింటెండెంట్ తమ్మిరాజు గారు ఒక ఫొటో ఎత్తి పట్టుకున్నారు. అందులో కంప్యూటరు చుట్టూ ఎర్ర రిబ్బను కట్టి ఉంది. ఎవరో పెద్దాయన కత్తెరతో దాన్ని కత్తిరిస్తున్నారు. పక్కన కొబ్బరికాయ, హారతి పళ్ళెం.

"ఈ వెబ్‌సైటు గౌరవనీయులైన పెద్దల స్వహస్తములతో ప్రారంభించబడినది. శిలాఫలకం కూడా వేయడమైనది. ప్రారంభోత్సవం జరిగిన దానిని విప్పి మార్చుటకు మన మాన్యువల్‌లో ప్రొసీజరు లేదు. పౌరులకు అట్టి ప్రారంభోత్సవం ఏదీ జరగలేదు. కావున మార్చదగినది పౌరులనే" అన్నారు కమిషనర్ గారు.

చప్పట్లు మోగాయి. చిత్ర కూర్చుండిపోయింది.

అప్పుడు నాకొక భయం పుట్టింది. నాకు భయం పుడితే కూర్చోలేను. లేచాను.

"బాబుగారండీ, ఆ రాసిందేదో వేళ్ళ మీదుగానే కదండీ లోపలికెళ్ళింది? మరి అయ్యే వేళ్ళతో వాళ్ళు అప్లికేషను కాగితం ముట్టుకుని, ఆ కాగితం మీరు ముట్టుకుంటే, మీక్కూడా ఏవన్నా అవుద్దేమోనండి?"

కమిషనర్ గారు తన చేతిలోని కాగితం వైపు చూశారు. మెల్లగా బల్ల మీద పెట్టారు. చేతిరుమాలు తీసి వేళ్ళు తుడుచుకున్నారు.

"తమ్మిరాజూ, ఈ కోణాన్ని మనం పరిశీలించామా?"

"లేదు సార్."

"పరిశీలించాలి. పౌరచైతన్యమంటే ఇది! అమ్మా, మీ పేరు?"

"మంగతాయారండి."

ఆ సభలోనే 'ప్రవేశాంశ పూర్వపరిశీలన సంఘం' ఏర్పడింది. లోపలికి వెళ్ళే ప్రతిదాన్నీ ముందుగా పరిశీలించడం దాని పని. తమ్మిరాజు గారు కన్వీనరు. నేను పౌరసభ్యురాలిని.

"నిన్నెవరు లేవమన్నారమ్మా!" అంది చిత్ర దారిలో. మా ఆయన మాత్రం, "పోనీలేవే, మీ అమ్మ లోపలుంటే నీ పని బేగా అవుద్ది" అన్నారు. నేనూ అదే అనుకున్నాను.

*

మున్సిపాలిటీ వరండాలో మాకో బల్ల వేశారు. వెబ్‌సైటులో ఏదైనా రాయదలచుకున్నవాళ్ళు ముందు మా దగ్గరికి వచ్చి, ఏం రాయబోతున్నారో చెప్పాలి. అందులో ప్రమాదం లేదని మేము తేల్చి ముద్ర వేస్తే, అప్పుడు వెళ్ళి రాసుకోవాలి. ముద్ర లేకుండా గడిలో వేలు పెడితే కేసు.

మొదటి రోజు ముందుగా వచ్చినవాడు బత్తుల వీర్రాఘవులు. మా వెనక వీధి ముసలాయన.

"మా ఈదిలో లైటు ఎలగట్లేదండి. లైటు ఎయ్యండీ అని రాద్దావని వచ్చేనండి" అన్నాడు.

తమ్మిరాజు గారు కలం కింద పెట్టేశారు. "ఎయ్యండి అంటున్నావా? అంటే ఆజ్ఞాపిస్తున్నావన్న మాట. మొన్న వెబ్‌సైటులోకి వెళ్ళింది కూడా ఆజ్ఞే. నీకు తెలుసా ఆ సంగతి?"

"ఆజ్ఞేంటండి బాబూ, మొరెట్టుకుంటన్నాను."

"మొర లోపలికి వెళ్ళాక ఏమవుతుందో మొరకే తెలియదు. మెంబరుగారూ, మీరేమంటారు?"

నాకు వీర్రాఘవులంటే జాలే. కానీ ఏమన్నా అయితే? ముద్ర వేసినది మీరే కదా అంటే? "ఎందుకొచ్చిన గొడవ బాబాయ్, అడక్కుండా రాయి" అన్నాను.

"అడక్కుండా ఎలా రాత్తారమ్మా?"

"ఉన్నది ఉన్నట్టు రాయి."

చివరికి వీర్రాఘవులు 'మా వీధిలో చీకటి ఉన్నది' అని రాశాడు. తమ్మిరాజు గారు దాన్ని రెండుసార్లు చదివి, ఇందులో కూడా లోలోపల ఒక కోరిక దాగి ఉన్నట్టుందని అనుమానించి, 'చీకటి బాగున్నది' అని దిద్దించి ముద్ర వేశారు. ఆ ఫిర్యాదు మర్నాటికల్లా పరిష్కారమైపోయింది. ఆ వీధిలో చీకటిని యథాతథంగా కొనసాగించమని ఉత్తర్వు వచ్చింది.

తరవాత ఒకాయన తన పేరు చెప్పడం మొదలుపెట్టాడు. తాత పేరూ, ఇంటి దేవుడి పేరూ, మొక్కుకున్న కొండ పేరూ అన్నీ అందులో ఉన్నాయి. ఆయన చెప్పడం అయ్యేసరికి నాకు అనుమానం పట్టుకుంది. ఇంత పొడుగు పేరులో మధ్యలో ఎక్కడో ఏదో నక్కి కూర్చుంటే ఎవరికి తెలుస్తుంది? అదే అన్నాను. మర్నాడే సర్క్యులర్ వచ్చింది: 'పేరు నాలుగక్షరాలకు మించరాదు. మించిన అక్షరములను దరఖాస్తుదారులు ఇంటివద్దనే వదలి రావలెను.'

ఇంకొకాయన ఆస్పత్రి నుంచి నేరుగా మిఠాయి పొట్లంతో వచ్చాడు. భార్య ఆ పొద్దునే ఆడపిల్లను కన్నదట.

"ఏ వార్డు?" అన్నారు తమ్మిరాజు గారు.

"ఏడో వార్డండి."

"ఏడో వార్డులో పుట్టుకలు తాత్కాలికంగా నిలిపివేయడమైనది. మీకు సమాచారం అందలేదా?"

"అందలేదండి. ఇప్పుడేం చెయ్యమంటారండి?"

"వేచి ఉండండి."

ఆయన మిఠాయి పొట్లం బల్ల మీద పెట్టబోతే నేనే ఆపాను. బయటి నుంచి వచ్చిన తినే వస్తువు! మా ఇంట్లో ఏది వచ్చినా తిన్నగా లోపలికి రానివ్వను. కూరగాయలైనా, ఇస్త్రీ బట్టలైనా, మా ఆయన చెప్పులైనా కాసేపు గడప మీద ఉంచి, గాలి తగిలాక గానీ తీసుకోను. మాటల్లో మాటగా ఇది చెప్పాను. లోపల గదిలోంచి కమిషనర్ గారు విన్నట్టున్నారు.

"అద్భుతం! మన పూర్వులకు తెలిసిన శాస్త్రం మనం మరిచిపోయాం" అంటూ బయటికి వచ్చేశారు.

సాయంత్రానికి 'గడప విరామం' అమల్లోకి వచ్చింది. ముద్ర పడిన దరఖాస్తులన్నిటినీ ఒక రోజంతా ఆఫీసు గడప మీద ఉంచాలి. మర్నాడు పొద్దున్న గుమస్తాలు వచ్చి, గడప మీద వరసగా ఉన్న దరఖాస్తులను దాటుకుని లోపలికి వెళ్ళబోయారు. ప్రభుత్వ పత్రాలను కాళ్ళతో దాటడం నేరమని తమ్మిరాజు గారు కేకేశారు. తీసి పక్కన పెడదామంటే విరామం పూర్తికాలేదు. దాంతో గుమస్తాలు వేపచెట్టు కింద కూర్చుని జీతం తీసుకున్నారు. కమిషనర్ గారు మాత్రం విధినిర్వహణ మీది మమకారం కొద్దీ, వెనక కిటికీకి నిచ్చెన వేయించుకుని, డఫేదారు గొడుగు పడుతుండగా హుందాగా లోపలికి దిగేవారు.

ఆ వారం వెబ్‌సైటు మీద ఒక్క దాడి కూడా జరగలేదు. ఒక్క పనీ జరగలేదు. కానీ మా పరిశీలన దాడుల గురించే గనక మాకు మంచి పేరు వచ్చింది.

*

చిత్ర వరసలో వచ్చింది. ఇంట్లో చెప్పకుండానే వచ్చింది. నా ముందు నిలబడి, "నమస్కారమండీ మెంబరుగారూ" అంది.

వరసలో జనం కిసుక్కున నవ్వారు.

"ఏం రాయదలచుకున్నారు?" అన్నారు తమ్మిరాజు గారు.

"నేను పుట్టానని రాద్దామనుకుంటున్నానండి."

"సాక్ష్యం?"

"నేనేనండి. ఆ రోజు నేనక్కడే ఉన్నాను" అన్నాను.

"సభ్యులు సాక్ష్యం చెప్పరాదు. అదీకాక నోటిమాట కూడా ప్రవేశాంశమే, పరిశీలన కావాలి. మీరు ప్రశ్నలు మాత్రం అడగవచ్చు."

ప్రశ్నలు అడగమంటే నాకు కొరవా?

"ఈ పత్రం ఎందుకు కావాలి?"

"ఉద్యోగంలో చేరడానికండి."

"ఏ ఊరు?"

"విశాఖపట్నమండి. నిన్న అన్నం దగ్గర కూడా మనవి చేసుకున్నాను."

"అక్కడ హాస్టల్లో గీజరు కరెంటుదా, గ్యాసుదా?"

"జనన ధ్రువపత్రంలో ఆ గడి లేదండీ మెంబరుగారూ."

"సముద్రం ఎంత దూరం?"

"సముద్రానిక్కూడా గడి లేదండి."

"రాత్రి డ్యూటీ ఉంటుందా? తిరిగొచ్చే దారిలో లైట్లున్నాయా? పక్క మంచం పిల్ల ఎలాంటిది? ఒంట్లో బాగోకపోతే ఎవరు చూస్తారు?"

"ఏవమ్మా మంగతాయారూ!" వీర్రాఘవులు వెనక నుంచి అరిచాడు. చీకటి ఎక్కువైందని రాసుకోడానికి మళ్ళీ వచ్చినట్టున్నాడు. "ఈ పిల్లని నువ్వు కన్నావా లేదా? కంటే కన్నానని ముద్దరేసి పంపించు. ఎండ మాడ్చేత్తంది!"

ముద్ర నా చేతిలోనే ఉంది. వేస్తే పత్రం వస్తుంది. పత్రం వస్తే పిల్ల బస్సెక్కుతుంది. బస్సు ఎక్కితే... నేను ముద్ర కింద పెట్టి, ఆ కాగితం మీద 'మరింత పరిశీలన అవసరం' అని రాశాను. అప్పటికి అంతకు మించి చెయ్యలేకపోయాను. చిత్ర నా కళ్ళలోకి ఒకసారి చూసి, "చిత్తమండీ" అని వెళ్ళిపోయింది.

ఆ సాయంత్రం మా ఆయన కంచం ముందు కూర్చుని మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూశారు. "ఏవైందే?"

"అమ్మ నన్ను పరిశీలనలో పెట్టింది నాన్నా."

"పిల్లని పరిశీలనలో పెట్టడవేంటే, మతుండే చేశావా?"

"నాకు భయమేసిందండీ. పక్క వీధి భ్రమరాంబ అంది కదా, వైజాగ్‌లో హాస్టల్ కూడు తిని వాళ్ళ చెల్లెలి కూతురు మంచాన పడిందని."

చిత్ర నీళ్ళ గ్లాసు కింద పెట్టింది. "అమ్మా, ఆ వెబ్‌సైటుకూ నీకూ ఒకటే జబ్బు. చెప్పనా? దాని గడిలో ఎవరేం పడేసినా అది చేసేస్తుంది. నీ చెవిలో ఎవరేం పడేసినా నువ్వూ చేసేస్తావు. ఉప్పాడలో సముద్రం వెనక్కెళ్ళిందని ఎవరో అంటే నాకు ఈత మాన్పించావు. పెద్ద జడకి దిష్టి అంటే జుట్టు కత్తిరించావు. భ్రమరాంబ పిన్ని ఏదో అంటుంది. అననీ. అది ఆవిడ మాట. విని ఊరుకోవచ్చమ్మా, దాని ప్రకారం నడవక్కర్లేదు."

"నీకేమన్నా అయితే?"

"ఏమన్నా అయితేనా? ఇప్పుడేమైందో చూశావా? నేను పుట్టనే లేదు."

నాకు కోపం వచ్చింది. ఏడుపు కూడా వచ్చింది. రెండూ ఒకేసారి వస్తే ఏం మాట్లాడతాం? పెరుగు వడ్డించాను.

*

మర్నాడు చిత్ర కాగితాన్ని ఎలాగైనా దాటిద్దామనే వెళ్ళాను. కానీ అప్పటికే కమిషనర్ గారు ఉద్యమాన్ని ఆఖరి మెట్టుకు తీసుకెళ్ళిపోయారు. మనం ఎన్ని పరిశీలనలు చేసినా గడి అంటూ ఉన్నంతకాలం ఎవడో ఒకడు ఏదో ఒకటి రాస్తూనే ఉంటాడని ఆయన గ్రహించారట. శిలాఫలకం జోలికి వెళ్ళకుండా, వెబ్‌సైటులో పేరు గడి, వయసు గడి, చిరునామా గడి, అన్నిటి మీదా తన ఫొటో అడ్డంగా అతికించేయించారు. ఇప్పుడు ఆ పేజీలో కమిషనర్ గారి నిండు విగ్రహం, కింద 'సమర్పించు' అనే బొత్తాం మాత్రం మిగిలాయి. ఎవరైనా ఎన్నిసార్లైనా సమర్పించుకోవచ్చు. ఏమీ సమర్పించడానికి ఉండదు.

'సంపూర్ణ భద్రత సాధించిన మున్సిపాలిటీ' అని జిల్లాలో ప్రకటించారు. సన్మానసభకు ఏర్పాట్లు మొదలయ్యాయి.

చిత్ర దెబ్బలాడటం మానేసింది. తనంతట తాను మాట్లాడటం కూడా మానేసింది. సర్దుకున్న బట్టలు పెట్టెలోంచి తీసి అలమరలో పెట్టేసింది. వీధి గుమ్మం దగ్గర కుర్చీ వేసుకుని పొద్దస్తమానం కూర్చునేది. "అలా బజారుకైనా వెళ్ళి రావే" అంటే, "ఆటో గుద్దితే?" అనేది. "ఏదన్నా తింటావా?" అంటే, "ఒంటికి పడుతుందంటావా?" అనేది. నన్ను వెక్కిరిస్తోందేమోనని మొహంలోకి చూశాను. వెక్కిరింపు కనపడలేదు. నా మాటలు నాకే దాని నోట్లోంచి వినపడ్డాయి.

పిల్ల ఇంటిపట్టునే ఉంది. గీజరు లేదు, సముద్రం లేదు, రాత్రి డ్యూటీ లేదు. నాకు నిశ్చింతగా ఉండాలి కదా? లేదు. అంతకంతకూ కొత్త భయం పట్టుకుంది. ఇలాగే ఉండిపోతే? నేను పోయాక కూడా ఆ కుర్చీలో ఇలాగే గుమ్మం కేసి చూస్తూ కూర్చుంటే? వైజాగ్ భయాలన్నీ ఒక పక్కా, ఈ ఒక్క భయం ఒక పక్కా పెట్టి చూసుకుంటే, ఇదే పెద్దగా కనపడింది. నాకు ధైర్యం వచ్చిందని ఎవరైనా అనుకుంటే పొరపాటు. పెద్ద భయం చిన్న భయాలను నోరు మూయించింది, అంతే.

నెలాఖరు దగ్గరపడుతోంది. కమిషనర్ గారిని స్వయంగా బతిమాలుకుందామని ఆఫీసుకు వెళ్ళాను. తమ్మిరాజు గారు కిటికీ దగ్గర నిచ్చెన పట్టుకుని నిలబడి ఉన్నారు.

"మెంబరుగారూ, రూలు మీకు తెలియంది కాదు. ఏం చెప్పబోతున్నారో ముందు నాకు చెప్పాలి. అందులో 'చెయ్యండి' ఉందా?"

"ఉందండి."

"'దయచేసి'?"

"అదీ ఉందండి."

"అయితే ఇంకా ప్రమాదం. లోపలికి పంపలేను."

"మరి లోపలికి ఏది పోతుందండీ?"

"ప్రశంస" అన్నారు తమ్మిరాజు గారు, నిట్టూర్చి. "ప్రశంసకు పరిశీలన లేదు. సారు నేరుగా స్వీకరిస్తారు. సన్మానపత్రం రాసేవాళ్ళు దొరక్క నేనిక్కడ చస్తున్నాను. రాసిన ప్రతివాడూ చివర్లో ఏదో ఒకటి అడుగుతున్నాడు."

"నేను రాస్తానండి."

"మీరా? అడగకూడదు మరి!"

"అడగనండి. ఒట్టు" అన్నాను.

నా చదువు పదో తరగతి. అయినా పెళ్ళి శుభలేఖల్లోంచి కొన్ని మాటలూ, కమిషనర్ గారి సర్క్యులర్లలోంచి కొన్ని మాటలూ ఏరుకుని, రెండు రోజులు కూర్చుని రాశాను. చిత్రకు చూపించలేదు. మా ఆయనకు చూపించాను. ఆయన ఒకసారి చదివి, వీధి తలుపు వేసి వచ్చి, మళ్ళీ చదివారు.

"ఇది నేరవేమోనే."

"చదివేది నేను కాదు కదండీ" అన్నాను.

*

సభకు ఊరంతా వచ్చింది. ఏడో వార్డు జనం వెనక వరసల్లో కూర్చున్నారు. లేనివాళ్ళకు ముందు కుర్చీలు ఇవ్వరు కదా. చిత్రను బలవంతాన తీసుకొచ్చి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను.

శాలువా కప్పారు. సన్మానపత్రం చదవడానికి హైస్కూలు తెలుగు మాస్టారు మైకు ముందుకు వచ్చారు. రెండు మాటలు చదివేసరికి కమిషనర్ గారు ఆపేశారు.

"ఆగండి, ఆగండి. సమాసాన్ని విరిచేస్తున్నారు. ఇలాంటివి భావయుక్తంగా చదవాలి. ఇలా ఇవ్వండి."

తన సన్మానపత్రం తానే అందుకుని, గొంతు సవరించుకుని, రాగం తీశారు. నేను అనుకున్నదాని కన్నా సులువుగా జరిగింది.

"భద్రతా భాస్కరా! నిచ్చెన నెక్కిన నిస్వార్థమూర్తీ! గడపకు విరామమిచ్చిన గంభీరహృదయా! మీ చల్లని చూపున వెబ్‌సైటు సుఖనిద్ర పోవుచున్నది..."

చప్పట్లు. సారు కళ్ళు మూసుకుని, తెరిచి, స్వరం ఇంకో మెట్టు పెంచారు.

"...బీరువాలోని పాత రిజిస్టర్లను తక్షణమే బయటకు తీయించి, ఏడవ వార్డునందు చిత్రలేఖ మొదలుగా జన్మించిన వారందరును జన్మించినట్లే రికార్డునందు ఈ సాయంత్రములోగా నమోదు చేయవలసినదిగా సూపరింటెండెంట్ తమ్మిరాజును ఇందుమూలముగా ఆదేశించుచున్న కరుణాసముద్రా! మీ కీర్తి దశదిశలా..."

వెనక వరసల్లోంచి ఒక ఈల వచ్చింది. తరవాత ఈలలు, కేకలు, చప్పట్లు. తన జీవితంలో అంతటి చప్పట్లు ఎప్పుడూ వినని కమిషనర్ గారు కరిగిపోయి, ఆ వాక్యాన్ని మొదటి నుంచి మరొకసారి, మరింత భావయుక్తంగా చదివారు.

తమ్మిరాజు గారికి భావంతో పని లేదు. కమిషనర్ గారి నోట 'ఆదేశించుచున్న' అన్న మాట వినపడగానే లేచి నిలబడి రాసుకున్నారు. రెండోసారి వినపడగానే ఆఫీసుకు పరిగెత్తారు. వేపచెట్టు కింద గుమస్తాలందరినీ లేపి, కిటికీలోంచి లోపలికి ఎక్కించారు. సభ ముగిసి, ఫలహారాలు పంచేలోగా ఏడో వార్డు మొత్తం పుట్టేసింది. ఆ మిఠాయి పొట్లం ఆయన కూతురితో సహా.

చిత్ర నోరు తెరుచుకుని నా వైపు చూస్తోంది.

"అమ్మా! నువ్వు ఆయనకి చేసిందేంటో తెలుసా? ఆ మంగళవారం వెబ్‌సైటుకి జరిగింది అచ్చం ఇదే. వాళ్ళు పేరు చోట ఆజ్ఞ పెట్టారు, నువ్వు పొగడ్త చోట పెట్టేశావు."

"అంటే ఆ దొంగలు చేసిన పనే నేనూ చేశానా? జైలా ఏమిటే?"

"పొగిడినందుకు జైలుండదు" అంది చిత్ర. చాలా రోజుల తరవాత నవ్వింది.

మర్నాడు కమిషనర్ గారు పిలిపించారు. వెళ్ళాను. ఆయన సన్మానపత్రాన్ని అద్దం కట్టించి గోడకు తగిలించుకున్నారు. దాన్ని చాలాసేపు చూస్తూ నిలబడ్డారు.

"మంగతాయారు గారూ, ఈ మధ్యలో రిజిస్టర్ల ప్రస్తావన ఒకటి ఉన్నది. అది ఎవరు అన్నది?"

"తమరేనండి. సభలో అందరూ విన్నారండి. రెండుసార్లు అన్నారండి."

ఆయన అద్దం మీద దుమ్ము తుడిచారు.

"అవును. నేను అన్నదే" అన్నారు. "ఆ క్షణంలో ఎందుకో జనం మీద కరుణ పొంగింది."

*

విశాఖపట్నం బస్సు పొద్దున్నే. మా ఆయన పెట్టె పైకి అందించి, డ్రైవరు సీటు దగ్గరికి వెళ్ళి తోటి డ్రైవరుతో రెండు మాటలు మాట్లాడి వచ్చారు. మనిషి నెమ్మదస్తుడేనని నాకు చెప్పారు. నేను అడగకముందే చెప్పారు.

చిత్ర కిటికీ పక్కన కూర్చుంది. పులిహోర డబ్బా, మందుల సంచి, రెండు గొడుగులు, టార్చిలైటు ఒళ్ళో పెట్టాను. అన్నీ తీసుకుంది. ఒక గొడుగు వెనక్కి ఇచ్చేసింది.

"కిటికీ అద్దం సగమే తెరువు. తుని దగ్గర దిగకు. ఎవరన్నా ఏదన్నా పెడితే తినకు. దిగగానే ఫోను చెయ్యి. దిగకముందు కూడా చెయ్యి."

"వింటున్నానమ్మా" అంది.

బస్సు కదిలింది. చిత్ర చెయ్యి కిటికీ బయట పెట్టి ఊపింది. ఎదురుగా ఇసక లారీ ఒకటి వస్తోంది. "చెయ్యి లోపల పెట్టుకోవే!" అని నా గొంతు చిరిగేలా అరిచాను. బస్టాండంతా తిరిగి చూసింది.

దానికి వినపడింది. వినపడిందన్నట్టు తలాడించింది కూడా. లారీ వైపు ఒకసారి చూసుకుంది, చాలినంత దూరం ఉందనుకుంది కాబోలు, బస్సు మలుపు తిరిగేదాకా నవ్వుతూ చెయ్యి ఊపుతూనే ఉంది.